మా పై దవడలో కొలువైన కట్టుడు పళ్ళ సెట్టు గారికి

మహారాజశ్రీ కట్టుడు పళ్ళ సెట్టు గారి దివ్యసముఖానికి, తిరుపతి నుండి తమరు కొలువున్న నోటి సొంతదారు వ్రాసుకొను విన్నపము.

ఊడిపోయిన నా పళ్ళ స్థానంలో గులాబీ రంగు ఆక్రిలిక్ పీఠంతో, రెండు తీగ కొక్కేలతో తమరు వేంచేసిన నాటి నుండి నేను నమిలింది తక్కువ, తమకు చేసిన కైంకర్యాలు ఎక్కువ. కొండ మీద స్వామికి తెల్లవారుజామున సుప్రభాతం, రాత్రి ఏకాంతసేవ జరుగుతున్నట్లే కొండ కింద మా ఇంట్లో తమకూ జరుగుతున్నాయి. భోజనం చేసిన ప్రతిసారీ ఒక అభిషేకం అదనం. అక్కడ సేవకు టికెట్టు దొరకడం కష్టం, ఇక్కడ సేవ తప్పించుకోవడం కష్టం.

తొలి రోజుల్లో నోరు తమను తినుబండారమని భ్రమపడి అదేపనిగా ఊరింది. కొన్ని వారాల్లో సర్దుకుంటుందని డాక్టరు గారు ముందే చెప్పినందువల్ల దానిని ఓర్చుకున్నాను గానీ, మా వీధి విష్ణు సహస్రనామ పారాయణలో మొదటి నామంలోని శకారమే ఈలగా బయటికి వచ్చినప్పుడు మాత్రం తమ మీద భక్తి సడలింది. మాట కుదురుకోవడానికి గట్టిగా చదవాలన్నారు గనుక రోజూ దినపత్రిక సంపాదకీయం చివరి దాకా చదివాను. సంపాదకీయాన్ని చివరి దాకా చదివినవారు ఈ జిల్లాలో అరుదు. ఆ పుణ్యం తమ ఖాతాలోనే వేసుకోండి.

ఇక నైవేద్యం సంగతి. రాగి సంగటి మింగేదే గాని నమిలేది కాదు కనుక ఆ పూట తమకు సెలవు. వేయించిన శెనక్కాయల పలుకు ఒక్కటి తమ పీఠం కిందికి దూరితే మాత్రం, పెళ్ళి పంక్తిలో ఉన్నా సరే, లేచి కొళాయి దగ్గరికి పోవలసిందే. లడ్డూలో బూంది మెత్తనిదే గాని పటికబెల్లం ముక్క ఎక్కడ పొంచి ఉంటుందో తెలియదు. బెంగళూరా మామిడిని ముందు పళ్ళతో కొరికే భాగ్యం పోయింది. చిన్న ముక్కలుగా కోసుకొని రెండు వైపులా సమంగా నమలాలి, లేకుంటే తమరు ఒక పక్కకు ఒరుగుతారు.

అభిషేకానికి నియమాలు వేరే. పళ్ళ పేస్టుతో తోమితే తమ ఒంటికి గీతలు పడి, ఆ గీతల్లో మురికి చేరుతుంది. మెత్తని బ్రష్షు, ఘాటు లేని ద్రవ సబ్బు కావాలి. జారిపడితే విరుగుతారు కనుక సింకులో నీళ్ళు నింపి దాని మీద కడగాలి. "మసిలే నీళ్ళలో ముంచి తీయి వదినా, క్రిములన్నీ చస్తాయి" అని మా మరిది సెలవిచ్చారు. క్రిములతో పాటు తమ ఆకారమూ పోతుంది, ఆ తరువాత నోట్లో సరిగా కూర్చోరు. ఈ మాట చెప్తే ఆయన నొచ్చుకున్నారు. మా ఇంట్లో పళ్ళున్న వాళ్ళందరూ కట్టుడు పళ్ళకు నిపుణులే.

అన్నిటికన్నా నన్ను బాధించేది, తమరు పట్టుకొని వేలాడుతున్న పక్క పళ్ళ గతి. తమ భారం మోసేది అవే, కొక్కేల సందుల్లో తిండి ఇరుక్కొని పుచ్చేదీ అవే. అందుకే తమను తీసిన తరువాత వాటిని ప్రత్యేకంగా తోమి, రాత్రంతా చిగుళ్ళకు విశ్రాంతినిచ్చి, తమను నీళ్ళ గిన్నెలో శయనింపజేస్తున్నాను. తడి ఆరితే తమ ఆకారం చెడుతుందట. ఆ గిన్నెకు మూత పెట్టినది తమ గౌరవార్థం కాదు, మా మనవడు తన నేస్తాలను దర్శనానికి వరుసలో నిలబెడుతున్నందువల్ల.

ఇప్పుడు లోపలి వైపు ఒకచోట ఒరుసుకొని పుండైంది. ఎదురింటి కంసాలి గారు ఆకురాయితో రుద్ది సరిచేస్తామన్నారు. వద్దని దండం పెట్టాను. గురువారం డాక్టరు గారి దగ్గరికి వెళ్తున్నాము. పుండు ఎక్కడ పడుతున్నదో ఆయనకు కనబడాలంటే ముందు రోజు నుండీ తమరు నోట్లో ఉండాలట. మనం వెళ్ళేది షేర్ ఆటోలో, ఎదురుగా ముగ్గురు కూర్చుంటారు. గతుకుల్లో తమరు దయచేసి పీఠం దిగకండి.

ఇట్లు,
తమ కైంకర్యపరురాలు