జనరేటర్‌ను నిందించకండి

కరెంటు పోయినప్పుడు జనరేటర్ ఆన్ కాలేదంటూ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో సాగుతున్న దుష్ప్రచారాన్ని ఖండించక తప్పడం లేదు. కరెంటున్న రోజులన్నింటిలో ఆ యంత్రం నిక్షేపంగా పనిచేస్తోంది. ప్రతి సోమవారం పొద్దున్నే వాచ్‌మన్ తలుపు తీసి బటన్ నొక్కుతాడు. అది గుర్రుమంటుంది, నల్లటి పొగ వదులుతుంది, ఐదు నిమిషాలు తిరిగి ఆగుతుంది. రిజిస్టర్‌లో ‘ఓకే’ అని ఎక్కుతుంది. ఇంత నిలకడైన పనితీరు ఏ ఉద్యోగి దగ్గర చూశాం?

లోడ్ ఇచ్చి, అంటే లిఫ్టు, లైట్లు నిజంగా దాని మీద నడిపి చూశారా అని కొందరు మేధావులు అడుగుతారు. లోడ్ ఇవ్వాలంటే మెయిన్ దించాలి. మెయిన్ దించితే మూడో అంతస్తులో ఆఫీసు కాల్ కట్, ఐదో అంతస్తులో వాషింగ్ మెషీన్ బంద్, లిఫ్టులో ప్రెసిడెంటు గారు. ఎందుకొచ్చిన టెన్షన్? హారన్ మోగింది కాబట్టి బండికి బ్రేకులున్నట్టే అని సర్టిఫికెట్ ఇచ్చేశాం. పైగా డీజిల్ ఇంజన్‌ను లోడ్ లేకుండా తరచూ తిప్పితే, సరిగా మండని డీజిల్ జిడ్డుగా, మసిగా పొగగొట్టంలో పేరుకుంటుందట. అంటే పరీక్షలు పెట్టేకొద్దీ ఆరోగ్యం చెడుతుందన్నమాట. ఇది మన ఇంటర్ పిల్లలకు తెలిసిన సంగతే.

ఇక అసలు రాత్రి. ఈదురుగాలికి ఎక్కడో కొమ్మ విరిగి లైను మీద పడుతుంది. ఆటో మోడ్‌లో ఉన్న ప్యానెల్ వెంటనే స్పందిస్తుంది: టక్. మళ్లీ, టక్. మూడో టక్ అయ్యాక ఎర్ర లైటు వెలిగించి తన బాధ్యత తీర్చేసుకుంటుంది. ఇంజన్‌ను లేపాల్సిన బ్యాటరీ నీరసించి ఉంది. టెర్మినళ్ల చుట్టూ తెల్లటి పొడి. ఆ బ్యాటరీని ఎప్పుడూ నిండుగా ఉంచడానికి గోడకు చిన్న చార్జర్ ఉంది, కానీ దాని ప్లగ్గు పీకేసి ఎవరో తమ ఎలక్ట్రిక్ స్కూటర్ పెట్టుకున్నారు. ఆ స్కూటర్ మాత్రం ఫుల్ చార్జింగ్‌తో ధీమాగా నిలబడి ఉంది. చేత్తో స్టార్ట్ చేద్దామంటే ప్యానెల్ తాళం సెక్రటరీ గారి దగ్గర, సెక్రటరీ గారేమో అన్నవరంలో.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అంటారా? దాని మీదా ఇలాంటి అభాండాలే. బ్యాటరీ మీద 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) అని రాసి ఉంటుంది. 12 వోల్టులతో గుణిస్తే 1800 వాట్ అవర్లు. సాధారణంగా ఆ లెక్క 20 గంటల పాటు మెల్లగా వాడితే వచ్చేది, అంటే ఒకేసారి 90 వాట్లే: ఒక ఫ్యాను, ఒక చిన్న బల్బు. మనం నాలుగు ఫ్యాన్లు, టీవీ, దొంగచాటుగా ఫ్రిజ్ కూడా కలిపి, ‘నాలుగు గంటలొస్తుందన్నాడండీ షాపువాడు’ అని వాపోతాం. డిస్టిల్డ్ వాటర్ ఎప్పుడు పోశారో అడిగితే మాత్రం ఇంటిల్లిపాదీ ఒకరి మొహాలొకరు చూసుకుంటారు.

ఇదంతా మన దగ్గరే అనుకుని కుంగిపోనక్కర్లేదు. 2012 అక్టోబరులో శాండీ తుపాను న్యూయార్క్‌ను ముంచెత్తినప్పుడు బెల్వ్యూ ఆసుపత్రి జనరేటర్లు 13వ అంతస్తులో భద్రంగానే ఉన్నాయి. వాటికి డీజిల్ ఎక్కించే పంపులు బేస్‌మెంట్‌లో ఉన్నాయి, నీళ్లలో. చివరికి సిబ్బంది, సైనికులు మెట్ల మీద వరుసగా నిలబడి డీజిల్‌ను చేతులు మార్చుకుంటూ పైకి మోశారు. 2011లో జపాన్‌లోని ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రంలో భూకంపానికి బయటి కరెంటు పోతే డీజిల్ జనరేటర్లు ఠంచనుగా స్టార్టయ్యాయి. ముప్పావు గంట దాటాక సునామీ వచ్చి దాదాపు అన్నింటినీ మూలన పడేసింది. ఆరో యూనిట్‌లో గాలితో చల్లబడే జనరేటర్ ఒక్కటే పనిచేస్తూ మిగిలింది. ఆ ఒక్కటే పక్కనున్న ఐదో యూనిట్‌ను కూడా కాపాడింది.

మన విశాఖ అనుభవం మాత్రం తక్కువదా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి స్తంభాలన్నీ పడుకోబెట్టాక అందరికీ డీజిల్ గుర్తొచ్చింది. బంకులో డీజిల్ భూమి లోపల ఉంటుంది. దాన్ని పైకి తోడే పంపు కరెంటుతో నడుస్తుంది. కరెంటు లేదు కాబట్టి బంకుకూ జనరేటర్ కావాలి, దానికీ డీజిల్ కావాలి. ఇంత చక్కటి వలయాన్ని ఏ పథకకర్త గీయగలడు?

2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాదిన, రెండో రోజు తూర్పు, ఈశాన్యాల్లోనూ గ్రిడ్ (రాష్ట్రాలను కలిపే కరెంటు లైన్ల వల) కుప్పకూలి, 60 కోట్ల మందికి పైగా చీకట్లో కూర్చున్నప్పుడు మనకు ఆ భాగ్యం దక్కలేదు. అప్పటికి దక్షిణ గ్రిడ్ వేరుగా నడిచేది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైనుతో ఆ వివక్ష తొలగిపోయింది. నిజానికి ఆ కలయిక వల్ల మనకు కరెంటు కొనుక్కునే వీలు పెరిగింది, కానీ మంచి మాటలు చెప్పడం ఈ శీర్షిక పని కాదు.

కాబట్టి మార్చాల్సింది జనరేటర్లను కాదు, కరెంటు పోయే పద్ధతిని. ఇళ్లకు కరెంటు పంచే డిస్కమ్‌లకు వినయపూర్వక మనవి: ఇకపై కరెంటు వారం రోజుల ముందు నోటీసిచ్చి పోవాలి. గాలివానలప్పుడు, పిల్లల పరీక్షలప్పుడు, సెక్రటరీ గారు తీర్థయాత్రల్లో ఉన్నప్పుడు పోవడాన్ని నిషేధించాలి. లైను మీద పడదలచుకున్న కొమ్మలు సెల్లార్‌లో స్కూటర్ చార్జింగ్ పూర్తయ్యే వేళ వాకబు చేసుకుని, ఆ తర్వాతే పడాలి.