శుక్రవారం తీసేసి సోమవారం చేర్చుకునే ఉద్యోగాలు

స్పెయిన్‌లో ఏళ్ల తరబడి ఒక పద్ధతి నడిచింది. శుక్రవారం సాయంత్రం కాంట్రాక్టు ముగిసేది. సోమవారం ఉదయం అదే మనిషిని అదే పనిలోకి కొత్త కాంట్రాక్టు మీద తీసుకునేవారు. శని, ఆదివారాల జీతం యజమానికి మిగిలేది. జూన్‌లో బడి మూయగానే టీచర్‌ను ఆపేసి, సెప్టెంబరులో మళ్లీ పిలిచేవారు. అప్పట్లో అక్కడ ప్రతి నలుగురు ఉద్యోగుల్లో ఒకరిది తాత్కాలిక బతుకే.

దీన్ని మార్చే కార్మిక చట్టంపై 2021 డిసెంబరులో యూనియన్లు, యజమానుల సంఘాలు, ప్రభుత్వం ఒక మాట మీదికి వచ్చాయి. ఆ చట్టం 2022 ఫిబ్రవరిలో 175–174తో పార్లమెంటులో గట్టెక్కింది. గట్టెక్కించిన ఆ ఒక్క ఓటూ ప్రతిపక్ష సభ్యుడొకరు పొరపాటున వేసింది! ఏడాది పొడుగునా ఉండే పనికి పర్మినెంట్ ఉద్యోగమే ఇవ్వాలన్నది దాని సారం. హోటళ్లు, పొలాల్లో సీజన్ పనులకు వేరే ఏర్పాటు చేశారు. సీజన్ అయ్యాక ఇంటికి పంపినా ఉద్యోగం పోదు, మళ్లీ పని మొదలైతే వాళ్లనే పిలవాలి. నెల లోపు కాంట్రాక్టులు రాసే యజమాని సామాజిక భద్రతకు అదనంగా కట్టాలి. మూడేళ్లలో తాత్కాలిక ఉద్యోగుల వాటా దాదాపు 16 శాతానికి దిగింది. ఉపాధి దెబ్బతింటుందన్న భయం నిజం కాలేదు. సీజన్ లేని నెలల్లో ఖాళీగా ఉన్నవాళ్లను నిరుద్యోగుల లెక్కలో చూపడం లేదన్న విమర్శలో మాత్రం పస ఉంది.

తక్కువ గంటల పనే తప్పని మేం అనడం లేదు. నెదర్లాండ్స్‌లో పార్ట్‌టైమ్ చేసేవాళ్లు ఎక్కువ. అయినా గంటకు ఇచ్చే జీతంలో, సెలవుల్లో వాళ్లకు తేడా చూపకూడదని 1996లోనే చట్టం చేశారు. జపాన్‌లో అలాంటి రక్షణ కరువై, 2008 సంక్షోభంలో ఏజెన్సీల ద్వారా ఫ్యాక్టరీల్లో చేరినవాళ్లకు ఉద్యోగంతో పాటు కంపెనీ ఇచ్చిన గదీ పోయింది. ఆ ఏడాది చివర టోక్యో హిబియా పార్కులో స్వచ్ఛంద సంస్థలు వేసిన టెంట్లే వాళ్లకు దిక్కయ్యాయి.

స్పెయిన్ చట్టం ప్రైవేటు యజమానులను దారికి తెచ్చినంతగా ప్రభుత్వాన్ని తేలేదు. ఆసుపత్రుల్లో, బడుల్లో తాత్కాలికులు ఇంకా ఎక్కువే. మన దగ్గరా అదే పరిస్థితి. ఔట్‌సోర్సింగ్ నర్సు, కంప్యూటర్ ఆపరేటర్, పారిశుద్ధ్య కార్మికురాలు లేకపోతే ఆఫీసు ఒక్కరోజు నడవదు. అయినా ఏటా రెన్యువల్ టెన్షనే. గెస్ట్ లెక్చరర్‌కు వేసవిలో జీతం ఉండదు. శాశ్వతమైన పనికి దశాబ్దాల పాటు తాత్కాలిక ముద్ర వేయడాన్ని 2024 డిసెంబరులో జగ్గో కేసులో సుప్రీంకోర్టు తీవ్రంగా తప్పుపట్టింది. కేంద్ర జల సంఘంలో ఊడ్చే, తోటపని చేసే కార్మికులను పర్మినెంట్ చేయమంది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లు నిర్ణీత కాల ఉద్యోగులకు ఏడాదికే గ్రాట్యుటీ ఇచ్చాయి, అది మంచిదే. కానీ ఎన్నిసార్లు రెన్యువల్ చేయవచ్చో పరిమితి పెట్టలేదు. ఈ లొసుగును కేంద్రం సవరణతో పూడ్చాలి. రెండు తెలుగు రాష్ట్రాలూ పదేళ్లు దాటినా తాత్కాలికంగానే నడుస్తున్న పోస్టుల జాబితాను శాఖలవారీగా బయటపెట్టాలి. అధ్యాపకుల వేసవి జీతం ఎగ్గొట్టే పద్ధతిని ఈ విద్యా సంవత్సరం నుంచే ఆపాలి.