మూడు క్లిప్పులు, 21 విమానాలు

మా అపార్ట్‌మెంటుకి నీళ్ళ ట్యాంకర్ వస్తే బిందెల వంతులు నేనే చూస్తాను. ఇంతవరకూ కొట్లాట జరగలేదు. ఆ ఒక్క అర్హతతో మా బావమరిది నన్ను మోడల్ విమానాల మేళాకి పట్టుకుపోయాడు. "ఎవరు ఎప్పుడు ఎగరెయ్యాలో చెప్పండి చాలు బావగారూ. మాలో ఒకడు చెబితే ఇంకొకడు వినడు" అన్నాడు.

విశాఖలో విమానం ఎగరెయ్యడమంటే, అది మూరెడుదైనా సరే, మాటలు కాదు. నేవీ వాళ్ళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా ఇక్కడే ఉంది. ఊళ్ళో రిమోట్ పట్టుకుని మనం పైకి చూస్తే, ఎవరో ఒకరు వచ్చి మనల్ని కింద నుంచి పైదాకా చూస్తారు. బీచ్ రోడ్డులో 2017లో మ్యూజియమైపోయిన టీయూ-142 ఒక్కటే మా ఊళ్ళో స్లాటు అడగని విమానం. అందుకని వీళ్ళు అనుమతులవీ తెచ్చుకుని, ఆనందపురం దాటాక కొండ పక్కన ఒక మైదానం చూసుకున్నారు.

21 మంది. మనిషికి ఎనిమిది నిమిషాలు. గాల్లో ఒకేసారి ముగ్గురు. ఎక్కి దిగడానికి రెండు నిమిషాలు కలిపితే ఏడు జట్లకి 70 నిమిషాలు. ఆరున్నరకి మొదలుపెడితే రెండు రౌండ్లూ అయిపోయి 8.50కి ఇడ్లీల దగ్గర ఉండాలి. రాత్రి ఈ లెక్క మా ఆవిడకి చూపించాను. "బాగుంది" అని లైటార్పేసింది.

క్లిప్పుల సంగతి చెప్పింది అక్కడి పెద్ద మాస్టారు. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్లు ఎన్ని ఆన్ చేసినా వాటిలో అవే సర్దుకుంటాయి. పాత రోజుల్లో అలా కాదట. ఒకే చానల్ మీద రెండో రిమోట్ ఆన్ చేస్తే, ఎగురుతున్నవాడి విమానం కాస్తా నేలపాలు. అందుకే చానల్‌కొక బట్టల క్లిప్పు బోర్డుకి తగిలించేవారు. క్లిప్పు చొక్కాకున్నవాడే రిమోట్ ముట్టుకోవాలి.

నాకు ఈ పద్ధతి తెగ నచ్చింది. తెల్లవారుజామున మేడ మీదికెళ్ళి దండెం మీంచి మూడు క్లిప్పులు తీసుకున్నాను. అన్నీ ఒక బట్టవే తీస్తే దానికి అన్యాయం కదా! అందుకని మా ఆవిడ చీర నుంచి ఒకటి, నా పంచె నుంచి ఒకటి, మా అత్తగారి దుప్పటి నుంచి ఒకటి తీశాను. ఒక్కోదానికి ఇంకా ఒక్కోటి మిగిలే ఉంది.

చీట్లు తియ్యగానే గొడవ మొదలైంది. "ఆరున్నరకి ఇచ్చే ఎనిమిది నిమిషాలూ, 8.40కి ఇచ్చే ఎనిమిది నిమిషాలూ ఒకటేనా గురువుగారూ?" అన్నాడు చివరి చీటీ వచ్చినాయన. నిజమే. పొద్దున్నే ఆకు కదలదు. ఎండెక్కి నేల కాగేకొద్దీ సముద్రం గాలి లేస్తుంది. అప్పుడు థర్మోకోల్ విమానానికి మన రిమోట్ ఓ సలహా మాత్రమే. సరే, రెండో రౌండు వెనక నుంచి మొదలెడతానన్నాను. వెంటనే మధ్య చీట్లవాళ్ళు లేచారు. "మమ్మల్ని ఎటు నుంచి లెక్కపెట్టినా మధ్యేగా?"

ఈలోగా మిథనాల్ ఇంజినాయన వచ్చారు. మిథనాల్‌లో ఆముదం, నైట్రోమీథేన్ కలిపి పోస్తారు. మైదానమంతా కాలిన ఆముదం వాసన. పిలిచిన దగ్గర్నుంచి ఆయన ఫ్యాను తిప్పుతూనే ఉన్నారు. ఏడో నిమిషంలో ఇంజిన్ అంటుకుంది. ఎనిమిదో నిమిషంలో నేను విజిల్ వేశాను.

"స్లాటు లెక్క పిలిచినప్పట్నుంచా, అంటుకున్నప్పట్నుంచా?"

21 మందీ లాయర్లైపోయారు. పాతిక నిమిషాలు వాదోపవాదాలు నడిచాయి. నా సర్వీసులో ఏ బిందే ఈ ప్రశ్న అడగలేదు. ముఖ్య అతిథి గురించి ఎక్కువ చెప్పను. ఆరింటికి రావాల్సినాయన ఎనిమిదింటికొచ్చారు. ఆయన మైకు దగ్గర విజిల్ వేసే ధైర్యం నాకు లేకపోయింది.

తొమ్మిది దాటింది. మొదటి రౌండే నడుస్తోంది. పసుపు క్లిప్పు ఒక గ్లైడర్ కుర్రాడికిచ్చాను. దానికి మోటారుండదు, తాడుతో లాగి వదులుతారు. మోటారు లేనిది ఎంతసేపుంటుందిలే అనుకున్నాను. సముద్రం గాలి వచ్చి కొండకి కొట్టుకుని పైకి లేస్తుందనీ, గ్లైడర్ దాని మీద మంచమేసుకుని పడుకుంటుందనీ నాకెవరూ చెప్పలేదు. ఎనిమిది నిమిషాలయ్యాయి. ఇరవై అయ్యాయి.

"దింపు నాయనా!"

"దింపుతూనే ఉన్నానండీ. అది దిగట్లేదు."

పైన ఒక గద్ద వచ్చి దానితో కలిసి చుట్లు కొట్టడం మొదలెట్టింది. మైదానం వాచ్‌మన్ నా పక్కకొచ్చి, "ఏటి బావూ, దానికీ చీటీ ఇచ్చేసినారేటి?" అన్నాడు. అవతల పసుపు క్లిప్పు కోసం ఇద్దరు కాచుకున్నారు. వాళ్ళిప్పుడు గ్లైడర్ని వదిలేసి నన్ను చూస్తున్నారు.

అప్పుడు ఫోన్ మోగింది. మా ఆవిడ.

"దండెం మీద క్లిప్పులు మీరేనా తీసింది?"

"మూడేనే. ఒక్కోదాన్నుంచి ఒక్కోటే తీశాను, న్యాయంగా."

"చీర ఒక్కటే మిగిలింది. మీ పంచె కరెంటు తీగల మీద జెండాలా ఎగురుతోంది. దుప్పటి ఎటు పోయిందో తెలీదు, అమ్మ సందులన్నీ వెతుకుతోంది."

తలెత్తి చూశాను. గ్లైడర్ ఇంకా పైనే ఉంది. దుప్పటి ఎన్ని నిమిషాలు ఎగిరిందో అడగాలని నోటిదాకా వచ్చింది గానీ, అడగలేదు.