439కీ 440కీ మధ్య దాక్కున్న డబ్బా గారికి

మహారాజశ్రీ నీలి ప్రశ్నార్థకం వారి దివ్యసముఖమునకు,

దాచిన డబ్బాలను జీపీఎస్ సాయంతో, దారినపోయేవాళ్ల కంట పడకుండా వెతికి సంతకం పెట్టే జియోకాషింగ్ ఆటలో, వేల్స్‌లోని సెంగ్‌హెనిద్ గనుల ఊరి పజిల్ దారిలో, మ్యాపులో నీలి ప్రశ్నార్థకంగా కనిపించే చివరి డబ్బా గారికి కార్డిఫ్ నుంచి తడిసి ముద్దయిన దాసుడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేము క్షేమంగా లేము. మా బావమరిదికి జలుబు పట్టింది. నా మోచేతుల నిండా ముళ్ల గీతలు. వాడు ఇండియా నుంచి వేసుకొచ్చిన తెల్ల బూట్లు ఇక తెల్లవి కావు. తమరు మాత్రం మూత బిగించుకుని, రాళ్ల కింద పొడిగా, సుఖంగా ఉన్నారు. చాలా సంతోషం.

పోయిన ఆదివారం మధ్యాహ్నాన్ని తిరిగి ఇమ్మని అడగను. వాన గురించి కూడా తమరిని అనను. వేల్స్ లోయల్లో వానకు తమరి కంటే సీనియారిటీ ఎక్కువ.

చిన్నాచితకా ముందే కడిగేస్తాను. రెండో డబ్బీలో సంతకం పెట్టాల్సిన కాగితం నీళ్లలో నాని పిప్పి అయిపోయింది. రెయిలింగుకు అయస్కాంతంతో అంటించిన ఇంకో డబ్బీ చొక్కా గుండీ అంత ఉంది. అందులోంచి కాగితం చుట్టను బయటికి లాగొచ్చు గానీ, మళ్లీ లోపల పెట్టాలంటే కంటి డాక్టరే రావాలి. పైగా అక్కడ కుక్కల్ని తిప్పేవాళ్లు ఆగకుండా వస్తూనే ఉంటారు. వాళ్లు వచ్చినప్పుడల్లా బావమరిది చేత షూ లేసు విప్పించి కట్టించాను. ఇక తమరి 'క్లూ' సంగతి. రహస్య లిపిలో రాసి పెడితే, అక్షరం అక్షరం మార్చుకుంటూ వానలో నిలబడి విప్పాం. 'రాళ్ల కింద' అని వచ్చింది. అయ్యా, అది గని పక్కన కొండ. అక్కడ రాళ్లు కానిదేదైనా ఉంటే చెప్పండి, దాని కింద వెతుకుతాం.

ఇవన్నీ ఈ ఆటలో మామూలే, అలవాటైపోయాయి. నాకు అరగనిది ఒక్కటే ఉంది.

తమరి యజమాని ఎవరో నాకు తెలియదు. తెలిసినా ఇక్కడ రాయను. ఆయనకు కూడికలంటే మహా ప్రీతి. తమరున్న చోటు అక్షాంశ రేఖాంశాలు తెలియాలంటే అని ఊళ్లో కనిపించిన ప్రతి అంకెనూ కూడించాడు. 1901లో ఆ గని మొదటిసారి పేలినప్పుడు పోయినవాళ్లు 81 మంది. ఎనిమిదీ ఒకటీ తొమ్మిది. సరే. గని మూతపడింది 1928లో. కూడుకుంటూ పోతే రెండు. అదీ సరే. ఆ తర్వాత వచ్చింది అసలు ప్రశ్న: '1913లో ఈ గనిలో ఎంతమంది ప్రాణాలు కోల్పోయారు? అంకెలు కలిపి ఒకే అంకె చేయండి.'

తమరికీ నాకూ ఇక్కడే చెడింది.

ఆ ఏడాది అక్టోబర్ 14న పొద్దున ఎనిమిది దాటాక గని పేలింది. అప్పుడు లోపల దాదాపు 950 మంది ఉన్నారు. పేలుడూ మంటా విషవాయువూ కలిసి 439 మందిని పొట్టన పెట్టుకున్నాయి. బ్రిటన్ గనుల్లో అంత పెద్ద ప్రమాదం అంతకుముందూ లేదు, ఆ తర్వాతా లేదు. చిక్కుకుపోయినవాళ్లను పైకి తేవడానికి దిగిన రెస్క్యూ వాళ్లలో ఒకాయన కూడా అక్కడే పోయాడు. ఆయనతో కలిపితే 440.

ప్రశ్న మళ్లీ చదవండి. పేలుడులో ఎంతమంది అని అడగలేదు. గనిలో ఎంతమంది అని అడిగారు. ఆయన పోయింది గనిలో కాక పక్క ఊరు కేర్‌ఫిలీ బజార్లోనా?

439 అయితే అంకెలు కలిపి ఏడు వస్తుంది. 440 అయితే ఎనిమిది. ఒక్క అంకె తేడాకి ఇంత రాద్ధాంతం ఎందుకని ఎవరైనా అడగొచ్చు. ఆ అంకెను తమరి యజమాని ఎక్కడ పెట్టాడో చూడండి. అక్షాంశంలో నిమిషాల తర్వాత, దశాంశ చుక్క పక్కనే. అక్కడ ఒక్క అంకె మారితే నేల మీద 185 మీటర్లు మారుతుంది. అదీ మామూలు మీటర్లు కావు, నిటారుగా పైకి.

మా బావమరిది అప్పుడే అన్నాడు. "బావా, అందరూ 439 అనే రాస్తారు కదా, ముందు అక్కడ చూసి వద్దామా?"

"ప్రశ్న చదువు" అన్నాను.

చదివాడు. "నువ్వన్నది కరెక్టే బావా. కానీ డబ్బా పెట్టినాయన అంత ఆలోచించి ఉండడు."

తమరి యజమాని మీద ఒక పరాయి దేశస్థుడికి, అదీ ముందురోజే విమానం దిగినవాడికి, ఉన్న గౌరవం అది. నేను మాత్రం ఆయన్ని నమ్మాను. నమ్మి ఎనిమిది వేసుకుని కొండెక్కాను. ఎర్రగా ఎండి, తడిసి, నడుము దాకా పెరిగిన ఫెర్న్ పొదలు. వాటి అడుగున కనిపించకుండా పాకిన బ్లాక్‌బెర్రీ తీగలు. ఒక తీగ చొక్కా చెయ్యి పట్టుకుంటుంది. దాన్ని విడిపించుకోబోతే ఇంకోటి రెండో చెయ్యి పట్టుకుంటుంది. ఏ రాయి ఎత్తినా జలగలాంటి నల్ల పురుగులు, ఒక రాయి కింద ఎవరో తినేసిన చిప్స్ ప్యాకెట్. పైన గట్టు మీద నిలబడి ఒక గొర్రె మమ్మల్ని చూసినంతసేపూ చూసి, తల తిప్పేసుకుంది.

నాకు ఇంకో మాట గుర్తొచ్చి ఒళ్లు మండింది. 2000 వరకు అమెరికా ప్రభుత్వం జీపీఎస్‌లో కావాలనే తేడా కలిపేది, మామూలు జనానికి వంద మీటర్ల దాకా తప్పు చూపించేది. ఆ ఏడాది మే మొదట్లో ఆ తేడా తీసేశారు. మే 3నే ఒరెగాన్‌లో ఒకాయన అడవిలో బకెట్ దాచిపెట్టి ఈ ఆట మొదలుపెట్టాడు. ఆకాశంలో అన్ని ఉపగ్రహాలు, అన్ని కోట్లు, ఒక దేశాధ్యక్షుడి నిర్ణయం, ఇవన్నీ కలిసి వంద మీటర్ల తప్పు దిద్దితే, తమరి యజమాని కాగితమ్మీద ఒక్క ప్రశ్న రాసి 185 మీటర్ల తప్పు మళ్లీ తెచ్చిపెట్టాడు!

కిందికి దిగాం. ఏడు వేసి చూశాం. బాట పక్కనే, గొర్రెలు దాటకుండా కట్టిన చెక్క మెట్ల దగ్గర, మూడు రాళ్ల కింద తమరు దొరికారు. మూత తీస్తే కాలు విరిగిన ప్లాస్టిక్ డైనోసార్, తుప్పు పట్టిన కీ చైన్, సంతకాల పుస్తకం. తిరగేశాను. 'ఈజీగా దొరికింది, థ్యాంక్స్.' 'చక్కటి నడక.' 'పిల్లలు ఎంజాయ్ చేశారు.' పేజీల నిండా ఇవే. అందరూ ఏడే వేశారు. ఒక్కరికీ అనుమానం రాలేదు.

ఇక మీరూ తమరూ నా వల్ల కాదు. నువ్వే.

నీ యజమాని ప్రశ్నలన్నీ ఆ స్మారక వనం చుట్టూ తిరిగినవే. ప్రమాదానికి నూరేళ్లు నిండినప్పుడు, 2013లో తెరిచిన తోట అది. అక్కడ గోడ మీద పోయినవాళ్ల పేర్లుంటాయి. పద్నాలుగేళ్ల పిల్లలు కూడా ఉన్నారు వాళ్లలో. మధ్యలో కంచు విగ్రహం ఉంది. ఎవరిదనుకున్నావు? గాయపడ్డ కార్మికుణ్ణి ఆదుకుంటున్న రెస్క్యూ మనిషిది. ఆ విగ్రహం ముందు నిలబడే నీ యజమాని అంకెలు రాసుకుని ఉంటాడు. రాసుకుని, లెక్కలోంచి ఆ రెస్క్యూ మనిషినే తీసేశాడు!

మాది సింగరేణి ఊరు. మా నాన్న బాయి దిగి మమ్మల్ని సాకినవాడు. దిగేటప్పుడు లెక్క, ఎక్కేటప్పుడు లెక్క. రెండూ కలిస్తేనే పాళీ, అంటే షిఫ్టు, అయినట్టు. తవ్వడానికి దిగాడా, కప్పు కూలకుండా దిమ్మె పెట్టడానికి దిగాడా, ఇంకొకణ్ణి మోసుకురావడానికి దిగాడా అని ఎవరూ అడగరు. దిగినవాడు పైకి రాకపోతే లెక్క తెగదు, అంతే. ఇది గని దగ్గర పుట్టిన ఏ పిల్లవాడికైనా తెలుసు, కూడికలు రాకముందే తెలుసు.

లెక్కలంటే అంత సరదా అయితే ఇది వేయమను నీ యజమానిని. గనిలో గాలి ఆడించే ఫ్యాన్లను అవసరమైతే వెనక్కి తిప్పి గాలి దిశ మార్చే ఏర్పాటు ఉండాలని 1911 చట్టం చెప్పింది. గడువు ఇచ్చారు. గడువు పొడిగించారు. ప్రమాదం నాటికి ఆ ఏర్పాటు లేదు. కోర్టులో మేనేజరుకు పడిన జరిమానా 24 పౌండ్లు. కంపెనీకి 10 పౌండ్లు, ఖర్చులు వేరే. మేనేజరు జరిమానాను పోయినవాళ్ల సంఖ్యతో భాగించి అప్పట్లోనే ఒక పత్రిక వేసింది: మనిషికి ఒక షిల్లింగు ఒకటింపావు పెన్నీ. ఆ దారి పొడవునా ఇన్ని అంకెలు కూడించాడు, ఈ భాగహారం ఎక్కడా పెట్టలేదేం? ఎనిమిదీ ఒకటీ తొమ్మిది అని చిన్నపిల్లల లెక్కలు చేయించడానికి మాత్రం ముందుంటాడు.

పజిల్ పెట్టొద్దని నేను అనడం లేదు. జనం వస్తున్నారు, నడుస్తున్నారు, గోడ ముందు ఆగి పేర్లు చదువుతున్నారు. మంచిదే. ఆ ఊరికి ఎవరో ఒకరు రావాలి. కానీ అంకెకు మనిషిని తాకట్టు పెడుతున్నప్పుడు ఆ అంకె సరిగ్గా ఉండొద్దా? ఒకటి తగ్గితే ఏమవుతుందిలే అనుకునే చోటా అది?

కాబట్టి నీ యజమానికి చెప్పు. ప్రశ్నన్నా మార్చమను, 'పేలుడులో' అని ఒక్క మాట చేర్చడానికి రూపాయి ఖర్చు కాదు. లేదంటే నిన్ను 185 మీటర్లు పైకి, ఆ ముళ్లలోకి మార్చమను. అప్పుడు వచ్చేవాళ్లకు ఈజీగా దొరకవు, బాధ లేదు. ఆ పని జరిగేదాకా నీ పుస్తకంలో నా సంతకం ఉండదు. ఆన్‌లైన్‌లో నీ పేరు కింద నేను పెట్టింది 'దొరకలేదు' అనే నీలం ఏడుపు మొహమే. దొరికావు, నాకూ తెలుసు, నీకూ తెలుసు. అయినా తీయను.

ఇట్లు,
440 దగ్గర వెతికినవాడు

తా.క.: నీలో పెట్టిన పెన్సిలుకు ములుకు లేదు. అది కూడా చూడమను.

ఇంకో తా.క.: నేను మూత పెట్టబోతుంటే మా బావమరిది జేబులోంచి సొంత పెన్ను తీసి సంతకం చేసేశాడు. పక్కనే 'థ్యాంక్స్' అని కూడా రాశాడు. వాడి సంగతి ఇంట్లో చూసుకుంటాను.