సర్వనామాలకు పంగనామాలు పెట్టకండి

ఈ మధ్య కొందరు మేధావులు బయలుదేరారు. పిల్లలకు ముందు ఇంగ్లీషులో నాలుగు మాటలు మాట్లాడటం నేర్పాలట, ప్రొనౌన్లలో, అంటే సర్వనామాల్లో, రకాలెన్ని అన్నది తర్వాత సంగతట. తిరుపతి గాలి పీలుస్తూ ఇలాంటి మాట అనడానికి నోరెలా వచ్చిందో! కొండకు పోయినవాడు బస్సు దిగి నేరుగా గర్భగుడిలోకి నడుస్తున్నాడా? వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కూర్చోవాలి. తలుపు తీసేదాకా కాచుకోవాలి. పాలిస్తే తాగాలి, కునుకు పడితే పక్కవాడి భుజం మీద పడాలి. ఇంతా చేస్తే స్వామి ముందు నిలబడేది రెప్పపాటు, అంతలోనే 'జరగండి, జరగండి'.

మా క్లాసులో ప్రొనౌన్ల పాఠమూ అచ్చం ఇదే ఆగమం ప్రకారం నడుస్తుంది. పర్సనల్, పొసెసివ్, రిఫ్లెక్సివ్, ఎంఫాటిక్, డిమాన్‌స్ట్రేటివ్, ఇన్‌డెఫినిట్, డిస్ట్రిబ్యూటివ్, ఇంటరాగేటివ్, రిలేటివ్, రెసిప్రోకల్. మొత్తం పది కంపార్ట్‌మెంట్లు. జూన్‌లో లోపలికి తోలితే ఏప్రిల్‌కు బయటపడతారు. దారిలో ఎక్కడో ఒకచోట ఇంగ్లీషు వాక్యం దర్శనమిస్తుంది. చూసినవాడు చూస్తాడు, తోపులాటలో చూడలేనివాడికి మళ్ళీ ఏడు ఉండనే ఉంది. లడ్డూ మాత్రం అందరికీ గ్యారంటీ. నిర్వచనం రాస్తే రెండు మార్కులు, ఉదాహరణ రాస్తే ఇంకో రెండు.

చిత్తూరు పక్క హైస్కూల్లో ఇరవై రెండేళ్ళుగా ఈ క్యూ తోలుతున్నవాణ్ణి కాబట్టి అధికారంతోనే చెబుతున్నాను: పది అన్నది నా లెక్క. ఒక గైడులో ఎనిమిదే ఉన్నాయి, ఇంకోదాంట్లో తొమ్మిది. పక్క వీధి ట్యూషన్ సారు రిఫ్లెక్సివ్‌నూ ఎంఫాటిక్‌నూ ఒకే చాప మీద పడుకోబెడతాడు. మా స్టాఫ్‌రూమ్‌లో ఈ విషయం మీద రెండు వర్గాలున్నాయి. నామం వై ఆకారంలో పెట్టాలా, యూ ఆకారంలో పెట్టాలా అన్న తగవు చూసిన ప్రాంతం కదా మాది, సర్వనామం దగ్గర మాత్రం తగ్గుతామా?

సంస్కృతానికి వ్యాకరణం రాసిన పాణిని దగ్గరే ఈ అన్యాయం మొదలైందని నా అనుమానం. 'సర్వాదీని సర్వనామాని' అని ఒక్క సూత్రంతో తేల్చేశాడు. 'సర్వ' మొదలుకొని ఇదిగో ఈ పట్టీలో ఉన్నవన్నీ సర్వనామాలు, పోయి వాడుకోండి అన్నాడు. వాడుకుంటే చాలా? రకాలేవి? నాలుగు మార్కుల ప్రశ్నకు ఈ జవాబు రాసుంటే నా చేతిలో ఆయనకు ఒకటిన్నర దాటేది కాదు. తిరుపతిలో సంస్కృత విశ్వవిద్యాలయం ముందు బస్సులో పోయేటప్పుడల్లా ఈ బాధ నన్ను పీడిస్తుంది.

అసలు శత్రువు మాత్రం పాణిని కాదు, తెలుగు. ఇంట్లో పిల్లలకు తెలుగు నేర్పి పంపుతున్నారు, మా కష్టమంతా దాంతోనే. ఆరో తరగతి అమ్మాయి ఒకతె 'మై మదర్ ఈజ్ ఇన్ ద హౌస్. ఇట్ ఈజ్ కుకింగ్' అని రాసింది. అమ్మను 'ఇట్' అంటావా అని గద్దించాను. 'మాయమ్మా వచ్చింది, ఆవూ వచ్చింది అంటాం గదా సార్, రెండిట్కీ ఒకటే గదా' అంది. రాత్రంతా ఆలోచించాను. తెలుగు క్రియ ఆడమనిషినీ ఆవునూ ఒకే గాటన కట్టేసిన మాట నిజమే. మరునాడు ఆ అమ్మాయిని మాత్రం గోడకుర్చీ వేయించాను. వ్యాకరణం ముందు అందరూ సమానమే.

ఇంకొకడు 'అవర్ హీ వెంట్ టు తిరుమల' అన్నాడు. ఎవర్రా ఆ హీ అంటే, వాళ్ళమ్మ చెప్పిన మాటట: 'మా ఆయన తిరుమలకు పోయినాడు.' మన దేశంలో మొగుడంటే పొసెసివ్‌కు పర్సనల్‌ను ముడివేస్తే వచ్చేవాడు. మూడు ముళ్ళకు ఇది నాలుగోది. మా ఆవిడా అంతే. పేరు పెట్టి పిలవకుండా సర్వనామంతో సంసారాలు ఈదేసిన జాతికి నేను సర్వనామం అంటే ఏమిటో వివరించాలట!

గౌరవాల సంగతి చెప్పకపోవడమే మేలు. ఇంగ్లీషువాడికి 'హీ' ఒక్కటే. మా పిల్లకాయలకు వాడు, అతను, ఆయప్ప, ఆయన, వారు. ఎవరికి ఏది తగిలించాలో వాళ్ళకు ఏ గైడూ చెప్పలేదు. వయసు, డబ్బు, పెద్దమనిషి ఎంత దూరంలో ఉన్నాడన్నది చూసి క్షణంలో తేల్చేస్తారు. ఎదుట నిలబడ్డ 'వారు' వీధి మలుపు తిరిగేసరికి 'ఆయన' అవుతాడు, ఇంకో వీధి దాటితే 'వాడు'. అమెరికాలో మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు వాళ్ళు 2019లో 'దే' అన్న మాటను ఆ ఏటి మేటి మాటగా ప్రకటించారు. ఒక్క మనిషిని దే అనవచ్చా అని అక్కడ పెద్ద చర్చ. ఒక్క తహసీల్దారును పట్టుకుని 'వారు వచ్చారు' అని లేచి నిలబడే జనానికి అందులో చర్చించేదేముందో తెలియదు.

'వీ' దగ్గర మాత్రం నాకూ కాస్త ఇబ్బందే. మనకు మేము వేరు, మనము వేరు. కుప్పం, నగరి పక్క తమిళం మాట్లాడే ఇళ్ళలోనూ నాంగళ్, నామ్ అని రెండున్నాయి. 'మేం టీ తాగొస్తాం' అంటే నిన్ను పిలవలేదని. 'మనం టీ తాగుదాం' అంటే నువ్వూ రమ్మని, పైగా పిలిచినవాడిదే బిల్లు. ఇంత పెద్ద ఆర్థిక వ్యవహారాన్ని ఇంగ్లీషువాడు ఒక్క 'వీ'తో నడిపేస్తున్నాడు. బిల్లు దగ్గర ఏం చేస్తాడో!

మిగతా కంపార్ట్‌మెంట్లు త్వరగానే దాటించేస్తాను. కొండమీద చెప్పులు పోతే, తీసుకుపోయినవాడు 'సంబడీ', ఇన్‌డెఫినిట్. ఇద్దరు తోసుకుంటే 'ఈచ్ అదర్', క్యూ అంతా తోసుకుంటే 'వన్ అనదర్'. రిఫ్లెక్సివ్ దగ్గర ఒకడు ఆపాడు. 'కల్యాణకట్టలో గుండు కొట్టించుకున్నాడు' అన్నదాన్ని ఎట్లా చెప్పాలి సార్ అన్నాడు. కొట్టింది మంగలి, కొట్టించింది వీడు, జుట్టు వీడిది, పుణ్యమూ వీడిదే. తెలుగువాడు ఈ నలుగురినీ ఒక్క క్రియలో కూర్చోబెట్టాడు. 'హిమ్‌సెల్ఫ్' ఒక్కటీ అంత బరువు మోయదు.

గంగమ్మ జాతర వారంలో ప్రొనౌన్ల పాఠం చెప్పకూడదని అనుభవం మీద తెలుసుకున్నాను. ఒక ఏడు మే నెలలో వేసవి క్లాసులకని తిరుపతికి డిప్యుటేషన్ మీద పోయినప్పుడు బోర్డు మీద 'హీ ఈజ్ ఎ బాయ్, షీ ఈజ్ ఎ గర్ల్' అని రాశాను. కిటికీ అవతల తాతయ్యగుంట గంగమ్మ గుడి వైపు పోతున్న ఊరేగింపులో మొక్కుకని చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టి, మీసం కూడా తీయని మొగోళ్ళు. క్లాసంతా కిటికీకి అతుక్కుంది. 'సార్, మా మామ పోతాండాడు. హీనా షీనా?' అన్నాడొకడు. మొక్కు తీరేదాకా షీ, తర్వాత హీ అన్నాను. నా ఉద్యోగ జీవితంలో పిల్లలకు పూర్తిగా అర్థమైన జవాబు అదొక్కటే. ఏ గైడులోనూ లేదు.

ఒకే ఒక్కసారి ఓడిపోయాను. 'ఇట్ ఈజ్ రెయినింగ్' అని రాస్తే, వెనక బెంచీలోంచి ఒకడు లేచి 'వాన పడతా ఉండాది అంటే సరిపాయె గదా సార్. మధ్యలో ఆ ఇట్ ఎవురు?' అన్నాడు. పది కంపార్ట్‌మెంట్లూ మనసులోనే వెతికాను. ఎవరూ లేరు. 'సిలబస్‌లో లేదు, కూర్చో' అన్నాను. కూర్చున్నాడు. పదో తరగతి తర్వాత మళ్ళీ కనబడలేదు.

పోయిన నెల అలిపిరిలో కనబడ్డాడు. టోపీలు, కొయ్య బొమ్మలు అమ్ముతున్నాడు. ఎవరో ఉత్తరాది కుటుంబం దారి అడిగితే 'స్వామీ, యూ గో స్ట్రెయిట్, దట్ బస్, దే టెల్ యూ' అని చేయి చూపించాడు. వాళ్ళు తలూపి, ఒక టోపీ కూడా కొనుక్కుని పోయారు. దగ్గరికి పోయి, 'దట్ బస్'లో దట్ ఏ రకంరా అని అడిగాను. నామవాచకానికి ముందు వచ్చింది కాబట్టి అది ప్రొనౌన్ కాదు, డిమాన్‌స్ట్రేటివ్ అడ్జెక్టివ్. ఇదే తేడాకు వాడికి ఎన్నోసార్లు మార్కులు కోశాను.

'తెల్దు సార్' అని నవ్వాడు. 'ఆ వానలో ఇట్ ఎవురో తెలిసిందా మీకు?'

బస్సుకు టైమైందన్నాను.

'పోదురు లెండి సార్, మనం టీ తాగుదాం' అన్నాడు. మనం అన్నాడు కదా అని జేబులో చేయి పెట్టకుండా కూర్చున్నాను.