జిగురు గారికి, విప్పేవాళ్ల విన్నపం

మహారాజశ్రీ జిగురు గారి దివ్య సముఖానికి,

స్క్రూడ్రైవర్లు, హీట్‌గన్లు, పల్చటి ప్లాస్టిక్ కార్డులు పట్టుకుని బతికేవాళ్లం నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మీ క్షేమం అడగక్కర్లేదు. ఫోన్లో, ఇయర్‌బడ్‌లో, బూటు అడుగున, సీసా లేబుల్ వెనక, పౌచ్ పొరల మధ్య ఎక్కడ చూసినా దిట్టంగా కూర్చునే ఉన్నారు. క్షేమం లేనిది మేం విప్పబోయే వస్తువులకే.

ముందు అభినందనలు. మీది ఉడుంపట్టు. డిజైన్ గదిలో మీకున్న పలుకుబడి ఇంకెవరికీ లేదు. పాపం, ఒక స్క్రూ వస్తువులోకి రావాలంటే ఎన్ని తంటాలో చూడండి. ప్లాస్టిక్‌లో దానికో బాస్, అంటే మర పట్టే బోలు దిమ్మె, పోయాలి. ఆ దిమ్మె గోడ మందం, అది నిలబడ్డ వస్తువు గోడ మందంలో సుమారు 60 శాతం దాటితే బయటి వైపు గుంట పడుతుంది. గుంట చూసి మార్కెటింగ్ వాళ్లు మొహం చిట్లిస్తారు. ఆ పైన టార్క్ (తిప్పే బలం) సరిచూడాలి, మర చెడిపోకుండా బిగించాలి. మీరైతే రోబో చేతి చివర సూదిలోంచి సన్నటి గీతలా జారి రెండు ముక్కల మధ్య సర్దుకుంటారు. తల ఎక్కడా కనపడదు. వస్తువు ఒకే రాయిలోంచి చెక్కినట్టు నున్నగా వస్తుంది. దాన్ని మళ్లీ విప్పేదెలా అని ఆ గదిలో అడిగే నాథుడుండడు.

విప్పాల్సింది మేమే కాబట్టి, ఒక్కసారి మా బల్ల దగ్గరికి దయచేయండి. ఫోన్ బ్యాటరీ మార్చాలి. ముందు చార్జ్‌ని 25 శాతం కిందికి దించుతాం, నిండుగా ఉన్న లిథియం సెల్‌కు దెబ్బ తగిలితే మంట మరీ పెద్దది. వెనక గాజును 80 డిగ్రీల దాకా వేడి చేసి, సక్షన్ కప్పుతో పైకి లాగి, వెంట్రుకవాసి సందు దొరకగానే ప్లాస్టిక్ పిక్ (పల్చటి ముక్కోణపు బిళ్ల) దూరుస్తాం. వేడి చాలకపోతే గాజు పగులుతుంది. పిక్ కాస్త లోతుగా పోతే లోపలి ఫ్లెక్స్ కేబుల్ (పల్చటి తీగల పట్టీ) తెగుతుంది. ఈలోగా మొదట విప్పిన మూల చల్లారి మీరు మళ్లీ అంటుకుంటారు. అందుకే విప్పిన ప్రతి అంచులో ఒక పిక్ వదిలేసి ముందుకు పోవాలి.

ఇంతా చేసి లోపలికి వెళ్తే, బ్యాటరీ కింద మళ్లీ మీ దర్శనమే! కొన్ని ఫోన్లలో దయ తలచి లాగుడు పట్టీ రూపంలో ఉంటారు. పట్టీ కొస పట్టుకుని, బ్యాటరీకి సమాంతరంగా, ఏ అంచుకూ రాసుకోకుండా నెమ్మదిగా లాగితే సాగుతూ బయటికొస్తుంది. తొందరపడితే మధ్యలో పుటుక్కుమంటుంది. తెగిందా, మిమ్మల్ని మెత్తబరిచే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అంచుల్లో చుక్కలుగా వదిలి, రెండు మూడు నిమిషాలు ఆగి, ప్లాస్టిక్ కార్డును కొద్దికొద్దిగా జరపాలి. లోహపు పనిముట్టు పనికిరాదు. సెల్ వంగితే లోపలి ఎలక్ట్రోడ్ల మధ్య పొర దెబ్బతిని షార్టవుతుంది, పొగ మొదలవుతుంది. పక్కన ఇసుక బకెట్ పెట్టుకుని చేసే పని ఇది. టార్చిలైటుకైతే మూత తిప్పితే సరిపోయేది.

ఇయర్‌బడ్‌లలో విప్పడమన్న మాటే లేదు, కోయడమే. లోపలి చిన్న సెల్ కొన్ని వందల చార్జింగులకు అలిసిపోతుంది. స్పీకర్ బాగుంటుంది, మైకు బాగుంటుంది, చిప్ బాగుంటుంది. అయినా అవన్నీ సెల్‌తోపాటు సహగమనం చేయాల్సిందే.

"నేను లేకపోతే నీళ్లు దూరవా?" అంటారు మీరు. దూరవండి. గడియారాలు రబ్బరు రింగుతో, స్క్రూలు బిగించిన వెనక మూతతో ఎంతో కాలంగా నీళ్లలో దిగుతూనే ఉన్నాయి. 2014లో శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్5, గోటితో ఊడే మూతతో, ఎవరికి వారు మార్చుకునే బ్యాటరీతోనే ఐపీ67 రేటింగు తెచ్చుకుంది. మీటరు లోతు నీళ్లలో అరగంట అన్నమాట. రబ్బరుకు దాని లెక్కలు దానికున్నాయి. గాడి లోతు సరిగ్గా కుదరాలి, మూత బిగిస్తే రబ్బరు మందంలో సుమారు అయిదో వంతు నుంచి పావు వంతు దాకా నొక్కుకోవాలి. ఒక వెంట్రుక అడ్డుపడినా చెమ్మ దిగుతుంది. రబ్బరు గట్టిపడితే మార్చాలి. కానీ మార్చొచ్చు కదా!

ఇక బాగుచేయలేని స్థితికి వచ్చాక సంగతి. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్కలో 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైంది అందులో 22.3 శాతమే. ఆ కొద్దిపాటి సరుకు కూడా ష్రెడర్‌లో, అంటే తుక్కు చేసే యంత్రంలో, పడ్డాక, ముక్కలు దేనికవి విడిపోతేనే పని. అయస్కాంతం ఇనుమును లాగుతుంది, గిర్రున తిరిగే అయస్కాంతాల ఎడ్డీ కరెంట్ యంత్రం అల్యూమినియాన్ని ఎగరేస్తుంది, నీటి తొట్టిలో తేలే ప్లాస్టిక్ తేలుతుంది. మీ పుణ్యమా అని ఒకే ముక్క మీద ఉక్కు, రాగి, ప్లాస్టిక్ కావలించుకుని వస్తే అయస్కాంతం ఏం చేస్తుంది? మొత్తం ఉక్కు కుప్పలో పడేస్తుంది. ఉక్కుతో కొలిమిలోకి పోయిన రాగిని ఆక్సిజన్ ఊది తీయలేం, అందులోనే ఉండిపోతుంది. శాతం పెరిగితే వేడి మీద రోలింగ్ చేసేటప్పుడు ఉక్కు పైన పగుళ్లు. ఊడదీయని లిథియం సెల్ ష్రెడర్‌లో నలిగితే ఏమవుతుందో మళ్లీ చెప్పాలా?

పెట్ సీసా లేబుల్ వెనక మీ కథ చిన్నదే కానీ ఒకటి చెప్పి తీరాలి. సీసాలను ముక్కలు చేసి వేడి కాస్టిక్ సోడా నీళ్లలో కడుగుతారు. ఆ నీళ్లలో కరిగి ఊడిపోయే బంధువులు మీకున్నారు. ఊడకుండా పెట్ ముక్కలతోపాటు కరిగించే యంత్రంలోకి వెళ్లి, తెల్లటి ప్లాస్టిక్‌ను పసుపు చేసేవాళ్లూ మీవాళ్లే. రెంటికీ డ్రాయింగులో తేడా ఒక్క లైను. పౌచ్ సంగతి అంతకన్నా ఘోరం. పాలిస్టర్, అల్యూమినియం రేకు, పాలిథిన్, మూడింటినీ మీరే ఏకం చేశారు. ముందు భాగాన "ప్రకృతి మిత్ర" అని ఆకుపచ్చ ఆకు బొమ్మ వేయించుకున్నారు. ఆ పొరలను మామూలు ప్లాంటులో విడదీసే మార్గం లేదు.

అన్యాయంగా మాట్లాడం. మీరు తప్పనిసరైన చోట్లున్నాయి. గాలిమర రెక్కలో, పల్చటి రేకుల జాయింటులో బరువును వెడల్పుగా పంచగలిగేది మీరే. అక్కడ రంధ్రం వేస్తే దాని చుట్టూ పగులు మొదలవుతుంది. మా తగువు మూడేళ్లకొకసారి మార్చాల్సిన సెల్‌ను ముప్పై ఏళ్ల పాటు అతికించే చోటనే.

మీ వంశంలోనే బుద్ధిమంతులున్నారు. వయొలిన్ చేసేవాళ్లు ఇప్పటికీ జంతువుల తోలు ఉడికించి తీసిన జిగురే వాడతారు. వేడి, తడి తగలగానే పట్టు వదులుతుంది, పై పలకను ఊడదీసి లోపల బాగుచేసి మళ్లీ అతికిస్తారు. కొత్త తరంలో ఇంకొకరు. 2024లో వచ్చిన ఐఫోన్ 16 బ్యాటరీ కింద, 9 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే సుమారు నిమిషంన్నరలో వదిలే రకం. అంటే వదలడం మీ కులాచారానికి విరుద్ధమేమీ కాదు.

యూరోపియన్ యూనియన్‌లో చట్టం కూడా వస్తోంది. 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల్లోని బ్యాటరీలను కొన్నవారే, బజార్లో దొరికే పనిముట్లతో, వేడి గానీ ద్రావకం గానీ లేకుండా ఊడదీయగలగాలి. సంబరపడుతున్నాం గానీ, మీకొక కిటికీ తెరిచే ఉంచారు. ఫోన్ల మీద అక్కడ 2025 జూన్ 20 నుంచి నడుస్తున్న నిబంధనలో, 1000 చార్జింగుల తర్వాత కూడా 80 శాతం సామర్థ్యం నిలిపి, దుమ్ముకూ నీళ్లకూ తట్టుకుంటే, బ్యాటరీ మార్చే పని మెకానిక్‌కే వదిలేయొచ్చు. ఆ కిటికీలోంచి మీరు దూరతారని మాకు తెలుసు. ఆ మెకానిక్కులం మేమే.

కనుక విన్నపం ఇది. డ్రాయింగులో మీ పేరు రాసిన ప్రతి చోటా పక్కనే మూడు గడులు పెట్టించండి: ఏ పనిముట్టుతో విప్పాలి, ఎన్ని నిమిషాలు, విప్పాక రెండు ముక్కలూ మళ్లీ వాడేలా ఉంటాయా. గడి ఖాళీగా ఉంటే అక్కడి నుంచి మీరు తప్పుకోండి. బ్యాటరీ, చార్జింగ్ పోర్టు, స్క్రీన్ ముందు అరిగేవి కాబట్టి అవి పైనే ఉండాలి. మదర్‌బోర్డు తీస్తే గానీ పోర్టు అందని అమరిక మీ తప్పు కాకపోయినా, చూస్తూ ఊరుకున్నది మీరే.

ఇట్లు,
మీ చేతిలో గోళ్లు పోగొట్టుకున్న
విప్పేవాళ్లు

తా.క.: ఈ ఉత్తరం చదివి స్క్రూ గారు మురిసిపోనక్కర్లేదు. అయిదు రేకుల తల పెట్టుకుని, మామూలు డ్రైవర్‌కు లొంగనని బిగుసుకున్నందుకు ఆయనకు ఇంకో ఉత్తరం సిద్ధమవుతోంది. ఒకే ఫోన్లో నాలుగు పొడవుల స్క్రూలు వాడే అలవాటూ అందులో ఉంటుంది. పొడవుది పొట్టిదాని రంధ్రంలో బిగిస్తే బోర్డు లోపలి రాగి గీత తెగుతుంది, ఫోన్ మళ్లీ వెలగదు.