మొదటి రోజే అన్నీ చెప్పించే కౌన్సెలర్‌తో జాగ్రత్త

విశాఖపట్నం సిరిపురంలో ఒక మేడ మీద, ఏసీ చల్లగా పెట్టిన గదిలో కూర్చుని, నా జీవితంలో అన్నిటికంటే చెడ్డ రాత్రి గురించి నలభై నిమిషాల్లో మొత్తం చెప్పేశాను. ఎదురుగా ఉన్నాయన రాసుకుంటూ మధ్యమధ్యలో "తర్వాత? ఇంకొంచెం వివరంగా చెప్పండి" అంటున్నాడు. టైమ్ అయిపోయింది, డబ్బులిచ్చాను, కిందికి దిగాను. స్కూటర్ తాళం చేతిలోనే ఉంది గానీ వేళ్ళు వణికిపోయి బండి స్టార్ట్ చెయ్యలేకపోయాను. పక్కనున్న టీ కొట్టు దగ్గర గంటసేపు అలా కూర్చుండిపోయాను. తర్వాత మూడు రాత్రులు నిద్ర లేదు. ఆ చెడ్డ రాత్రి ఏం జరిగిందో ఇక్కడ రాయను, ఈ వ్యాసానికి అది అక్కర్లేదు కూడా. అక్కర్లేదని అనే హక్కు నాకుందని తెలుసుకోవడానికే ఇంకో కౌన్సెలరు, ఇంకో ఏడాది పట్టింది.

చెప్పుకుంటే మనసు తేలికవుతుందని మనవాళ్ళంటారు. అత్తాకోడళ్ళ గొడవకో, ఉద్యోగంలో అవమానానికో ఆ మాట చక్కగా పనిచేస్తుంది. ప్రాణం మీదికి వచ్చిన అనుభవం సంగతి వేరు. చాలామందికి అది కథలాగా వరసగా గుర్తుండదు. ఒక వాసన, ఒక చప్పుడు, గుండె దడ, ఊపిరి ఆడకపోవడం, ఇలా ముక్కలుముక్కలుగా ఒంట్లో ఉండిపోతుంది. మన అమ్మమ్మలకి ఇది తెలియకపోలేదు. పిల్లాడు "దడుసుకున్నాడు" అనేవాళ్ళు, "ఏమైందో వివరంగా చెప్పు" అని అడిగేవాళ్ళు కాదు. పక్కలో పడుకోబెట్టుకునేవాళ్ళు, తాయెత్తు కట్టేవాళ్ళు. తాయెత్తు సంగతి పక్కన పెడితే, ముందు పిల్లాడికి భయం తగ్గాలన్న వరస మాత్రం సరైనదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా, పెద్ద ప్రమాదం జరిగిన వెంటనే బాధితుల్ని కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించే పద్ధతి వద్దనే అంటోంది. ముందు భద్రత, తిండి, నీళ్ళు, సమాచారం. వాళ్ళంతట వాళ్ళు చెప్తే వినాలి, గుచ్చిగుచ్చి అడగకూడదు.

ఈ ఊరికి ఈ మాట మరీ అవసరం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను చూసినవాళ్ళలో, ఇప్పటికీ గాలి గట్టిగా వీచి కిటికీ రెక్క టపటపా కొట్టుకుంటే లేచి కూర్చునేవాళ్ళు నాకే తెలుసు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి వచ్చింది, 12 మంది పోయారు. ఆ చీకట్లో పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తిన మనిషికి ఎప్పుడో ఓ పెయింటు డబ్బా మూత తీసినా ఒళ్ళు జల్లుమనొచ్చు. అలాంటి మనిషిని పట్టుకుని "ఆ రాత్రి మొదటినుంచి చెప్పు" అంటే చెప్పడం ఎక్కడ, కుర్చీలో కూర్చునే మళ్ళీ పరుగెత్తుతాడు.

ఇప్పుడు చాలా బోర్డుల మీద, ఇన్‌స్టాగ్రామ్ పేజీల మీద "ట్రామా ఇన్‌ఫార్మ్‌డ్" అని కనిపిస్తోంది. ట్రామా అంటే ఇలాంటి అనుభవం మనసుకి చేసే గాయం. ఇక్కడే జనం పొరపడుతున్నారు. ఆ మాట ఒక చికిత్స పేరు కాదు, మనిషితో మసలుకునే పద్ధతి పేరు. అమెరికా ప్రభుత్వ సంస్థ సాంసా 2014లో దాన్ని వివరంగా రాసింది: మనిషికి భద్రంగా అనిపించాలి, దాపరికం ఉండకూడదు, నిర్ణయాల్లో అతనికి చోటుండాలి, ముఖ్యంగా సాయం పేరుతో గాయాన్ని మళ్ళీ రేపకూడదు. ఈ లెక్కన ఆసుపత్రి రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి కూడా ట్రామా ఇన్‌ఫార్మ్‌డ్‌గా ఉండొచ్చు, ఉండాలి కూడా. గాయానికి నేరుగా చేసే చికిత్సలు వేరు. ట్రామా మీద దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనల తీరునీ ప్రవర్తననీ మార్చుకోవడం నేర్పే చికిత్స) ఒకటి, కళ్ళను అటూ ఇటూ కదిలిస్తూ జ్ఞాపకాన్ని కొంచెం కొంచెంగా తల్చుకునే ఈఎమ్‌డీఆర్ ఒకటి. ఈ రెండిటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో సిఫార్సు చేసింది. వీటికి విడిగా ట్రైనింగ్ ఉంటుంది. కాబట్టి ఫోన్‌లోనే "మీరు ఏ పద్ధతి వాడతారు, ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడగండి. చిరాకు పడితే మీకు కావలసిన జవాబు వచ్చేసినట్టే.

డిగ్రీల సంగతి త్వరగా చెప్పేస్తాను. సైకియాట్రిస్ట్ అంటే డాక్టరు, మందులు రాసేది ఆయన. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ అయి ఉండాలి, ఆ నంబరు అడగడం తప్పు కాదు, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. "కౌన్సెలర్" అనే మాటకి మాత్రం పట్టింపు తక్కువ. సైకాలజీలో పీజీ చేసి ఏళ్ళ తరబడి గొప్పగా పనిచేస్తున్నవాళ్ళూ ఆ బోర్డే పెడతారు, రెండు వారాల ఆన్‌లైన్ కోర్సు చేసినవాళ్ళూ అదే పెడతారు. అయితే ఒకటి, సిరిపురం ఆయన గోడ మీద సర్టిఫికెట్లకి కొదవ లేదు.

రెండోసారి వెళ్ళింది ఎంవీపీ కాలనీలో ఒకావిడ దగ్గరికి. గదిలో రెండు కుర్చీలు, ఒకటి తలుపు దగ్గర. "ఎక్కడ కూర్చుంటారు?" అని అడిగింది. నేను తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్నాను, అప్పుడు ఎందుకో తెలియదు. "జరిగింది ఇవాళ చెప్పనక్కర్లేదు. ఎప్పటికీ పూర్తిగా చెప్పకపోయినా పని చెయ్యొచ్చు" అంది. నాకు కోపం వచ్చింది, నిజం చెప్తున్నా. ఇంత ఫీజు కట్టి చెప్పకుండా ఎందుకు కూర్చోవాలి? నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, ఇంట్లో ఎవరున్నారు, ఏ చప్పుడుకి ఉలిక్కిపడుతున్నారు, ఇలా చిన్నచిన్న ప్రశ్నలే. మొదటి నెలంతా అరికాళ్ళు నేలకి ఆనించి కూర్చోవడం, గదిలో కనిపించే వస్తువులు పైకి లెక్కపెట్టడం, ఊపిరి నెమ్మదిగా వదలడం. సిల్లీగా అనిపించేది. రెండో నెలలో ఒకరోజు జగదాంబ జంక్షన్ దగ్గర సైరన్ విని ఒళ్ళు బిగుసుకుపోయినప్పుడు నా కాళ్ళు వాటంతట అవే నేలని వెతుక్కున్నాయి. మూడో నెలలో నేనే మొదలుపెట్టాను. ఐదు నిమిషాలు చెప్పాక ఆవిడే ఆపింది, "ఇవాళ్టికి చాలు, ఇప్పుడు బయట రోడ్డు మీద ఏం వినిపిస్తోంది?" అంటూ. పెదజాలారిపేట దగ్గర జాలర్లు అలలు చూసుకుని, అదును దొరికాకే పడవ తోస్తారు. ఆవిడ పని నాకు అలాగే అనిపించింది.

ఇంకో విచిత్రం. కొన్ని మాటలు నేను ఇంగ్లీషులోనే అనేవాణ్ణి. తెలుగులో ఆ మాట నోటికి రాదు, వస్తే కాలుతుంది. ఆవిడ సరిదిద్దలేదు, కొన్నాళ్ళకి తెలుగు మాటే వచ్చింది. పిలుపు కూడా అంతే, ఆవిడ నన్ను "మీరు" అనే అనేది. "ఏం బాబూ, కాస్త అడ్జస్ట్ అవ్వాలి కదా" అనే గొంతు మనకి ఇంట్లో బోలెడంత దొరుకుతుంది, దానికి ఫీజు కట్టక్కర్లేదు.

ఇంట్లోవాళ్ళు కూడా గదిలోకి వచ్చి కూర్చునే అలవాటు మనకుంది, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో. మంచి థెరపిస్ట్ వాళ్ళని మర్యాదగానే బయట కూర్చోమంటారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచడం వాళ్ళ బాధ్యత. మినహాయింపులున్నాయి, ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉన్నప్పుడు లాంటివి. పద్ధెనిమిదేళ్ళు నిండని పిల్లల మీద లైంగిక నేరం అయితే పోక్సో చట్టం కింద తెలిసినవాళ్ళెవరైనా ఫిర్యాదు చెయ్యాల్సిందే. ఈ సంగతి మొదటి రోజే, మీరు నోరు విప్పకముందే చెప్పేవాళ్ళు నిజాయితీపరులు. చెప్పించుకున్నాక చెప్పేవాళ్ళు కాదు.

దీనికి అవతలి పొరపాటూ ఉంది. భద్రత, భద్రత అంటూ ఎనిమిది నెలలు శ్వాస వ్యాయామాలతోనే సరిపెట్టి అసలు సంగతి జోలికే వెళ్ళనివాళ్ళు. అది కూడా తప్పించుకోవడమే, కాకపోతే ఇద్దరూ కలిసి తప్పించుకుంటున్నారు. రెండు మూడు నెలలకోసారి "మనం ఎక్కడున్నాం, తర్వాత ఏంటి?" అని మీరే అడగండి. నిద్ర, పని, కోపం ఏదీ కొంచెం కూడా మారకపోతే సైకియాట్రిస్ట్‌ని కలవడం నామోషీ కాదు. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలని ఇప్పటికీ పిచ్చాసుపత్రి అని నవ్వేవాళ్ళ మాట పట్టించుకోకండి. అర్ధరాత్రి చచ్చిపోవాలనిపించేంత టెన్షన్‌గా ఉంటే 14416కి చెయ్యండి, టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇక, పది సెషన్ల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టొద్దు. నేను కట్టాను, సిరిపురంలో. మానేస్తానంటే అది నా "రెసిస్టెన్స్" అని, అంటే నా మనసు చికిత్సకి ఎదురు తిరుగుతోందని, వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది.

ఎంవీపీ ఆవిడ దగ్గర కూడా ఒక దశలో మానేద్దామనిపించింది, చెప్పాను. ఆవిడ అడిగింది ఒక్కటే: "మీరు రాకపోతే నేను ఫోన్ చెయ్యనా, వద్దా?" వద్దన్నాను. చెయ్యలేదు. మూడు వారాల తర్వాత నేనే చేశాను.